పగడపు చేపల పొత్తు

ఎంపరర్ ఏంజెల్ అనే పగడపు చేప చిన్నప్పుడు ఒకలా, పెద్దయ్యాక ఇంకోలా ఉంటుంది. పిల్లప్పుడు నల్లటి నీలి ఒంటి మీద తెల్లని వలయాలు, చెరువులో రాయి వేస్తే లేచే తరగల్లా ఒకదాని చుట్టూ ఒకటి. ఎదిగేకొద్దీ ఆ వలయాలు చెరిగిపోయి పసుపు, నీలం చారలు బారులు తీరతాయి. కళ్ల మీదుగా నల్లటి పట్టీ వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇది దాని పిల్లే అంటే నమ్మబుద్ధి కాదు. తొలినాటి శాస్త్రవేత్తలూ అలాగే పొరబడ్డారు. పెద్ద చేపకు జర్మనీకి చెందిన మార్కస్ బ్లోఖ్ 1787లో పేరు పెడితే, 1801 నాటి గ్రంథంలో పిల్ల చేప మన నికోబార్ దీవుల పేరుతో వేరే జాతిగా నమోదైంది.

ఒకే చేపకు రెండు వేషాలు ఎందుకు? పెద్ద ఏంజెల్‌కు పగడపు దిబ్బ మీద సొంత ఇలాకా ఉంటుంది. తనలాంటి చారల చేప అందులోకి వస్తే వెంటపడి తరుముతుంది. వలయాల పిల్లను మాత్రం అంతగా పట్టించుకోదు. పిల్ల రంగులు దానికి రక్షణ అని చాలామంది పరిశోధకులు భావిస్తారు. ఎదిగి, పోట్లాడి చోటు సంపాదించుకోగలిగే వయసు వచ్చాకే అది చారలు తొడుగుతుంది.

ఇంట్లో పెద్ద ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారు మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఈ చేప ఒంటి మీదే రాసి ఉంది. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో నోబెల్ అందుకున్న కొన్రాడ్ లోరెంజ్, అంతకు పదేళ్ల ముందు దూకుడు గురించి రాసిన పుస్తకాన్ని పగడపు చేపలతోనే మొదలుపెట్టాడు. ఆ చేపల మెరిసే రంగులు గోడ మీద అతికించిన పోస్టర్ల లాంటివనీ, ‘ఈ చోటు నాది’ అని తన జాతివాళ్లకు చాటి చెప్పడమే వాటి పని అనీ ఆయన వాదన. తర్వాత వచ్చిన పరిశోధనలు దానికి ఎన్నో మినహాయింపులు చూపించాయి. అయినా అక్వేరియం ముందు కూర్చుని చూసేవారికి ఆయన మాటలో సారం కనిపిస్తూనే ఉంటుంది. పగడపు చేపకు పగ పెద్ద చేప మీద ఉండదు, వింత చేప మీద ఉండదు. తనలా కనిపించేదాని మీద, తను తినేదే తినేదాని మీద ఉంటుంది.

దీనికి రాయల్ గ్రామా కథ మంచి తార్కాణం. అది కరీబియన్ సముద్రపు చేప. ముందు సగం వంగపువ్వు రంగు, వెనక సగం పసుపు. రాయల్ డాటీబ్యాక్ పసిఫిక్ వైపు చేప. దానికీ ముందు సగం వంగపువ్వే, వెనక సగం పసుపే. రెండింటి మధ్యా ఖండాలున్నాయి, ప్రకృతిలో అవి ఒకదాన్నొకటి చూసే అవకాశమే లేదు. ఒకే ట్యాంకులో వేస్తే మాత్రం, ఆ గుహ నాదంటే నాదని కలియబడతాయి. సాధారణంగా గ్రామాయే ఓడుతుంది.

దిబ్బ మీదైతే ఓడినది పారిపోతుంది. పది గజాలు ఈదితే ఇంకో బండ, ఇంకో సందు దొరుకుతాయి. గాజు గోడల మధ్య ఆ పది గజాలు లేవు. ఓడిన చేప మూలకు చేరుతుంది, తిండి మానేస్తుంది, రెక్కలు చిరుగుతాయి, రోగం పట్టుకుంటుంది. పెద్ద ట్యాంకు కొనమని అనుభవజ్ఞులు అనేది అందుకే. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న ట్యాంకులో దాదాపు 680 లీటర్ల నీళ్లు పడతాయి. వాటిని సముద్రమంత ఉప్పగా చేయడానికే 24 కిలోల ఉప్పు కావాలి, అదీ వంటింటి ఉప్పు కాదు, సముద్రపు లవణాలన్నీ కలిసిన అక్వేరియం ఉప్పు. చూడటానికి అది చిన్న సముద్రంలా ఉంటుంది. దిబ్బతో పోలిస్తే మాత్రం ఒక్క బండ చుట్టూ ఉన్న చోటు కూడా కాదు. ఆ కాస్త చోటులో ఎవరిని ఎవరి పక్కన ఉంచాలన్నదే అసలు ప్రశ్న.

చాలామంది మనసు ముందు ట్యాంగ్‌ల మీదికి పోతుంది. నిమ్మపండు రంగులో మెరిసే ఎల్లో ట్యాంగ్, హవాయి దీవుల అందగత్తె. ‘ఫైండింగ్ డోరీ’ సినిమాతో పిల్లలందరికీ తెలిసిన బ్లూ ట్యాంగ్. మన లక్షద్వీప్ దిబ్బల మీద తిరిగే పౌడర్ బ్లూ ట్యాంగ్, లేత నీలం ఒళ్లు, నల్లటి ముఖం, పసుపు వీపు రెక్క. వీటికి సర్జన్ చేపలని ఇంకో పేరుంది. తోక మొదట్లో రెండు వైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది, కోపం వస్తే తోక విసిరి దానితో చీరుతుంది. పగలంతా రాళ్ల మీద నాచు గీక్కుని తినడమే వీటి జీవితం. రాత్రయితే ఎల్లో ట్యాంగ్ పసుపు వెలిసిపోయి ఒంటి మీద తెల్లని గీత తేలుతుంది. ట్యాంకులో లైటు ఆర్పాక టార్చి వేసి చూసినవాళ్లు చేపకు జబ్బు చేసిందని కంగారు పడుతుంటారు. అది దాని నిద్ర రంగు, తెల్లారితే పసుపు తిరిగి వస్తుంది.

ట్యాంగ్‌ల విషయంలో ఆకారం చూడాలి. ఎల్లో ట్యాంగ్ తెరచాపలా నిలువుగా ఉంటుంది. ఇంకో తెరచాప ఆకారపు ట్యాంగ్‌ను పక్కన వేస్తే దానికి కంటగింపు. పౌడర్ బ్లూ కోలగా ఉంటుంది, కానీ స్వభావం మహా కటువు, పైగా తెల్లమచ్చల రోగం ఇట్టే పట్టుకుంటుంది. బ్లూ ట్యాంగ్ దుకాణంలో రూపాయి బిళ్లంత కనిపించినా ఎదిగితే అడుగు పొడవవుతుంది. నా మటుకు నేను ఆరడుగుల ట్యాంకులో ఒక్క ట్యాంగ్ చాలంటాను, అది ఎల్లో ట్యాంగ్ అయితే మంచిదంటాను. దానిని కూడా అన్ని చేపలూ కుదురుకున్నాక చిట్టచివర వేయాలి.

ఈ వరుస ముఖ్యం. జనరల్ బోగీలో ముందెక్కి కూర్చున్నవాళ్లు తర్వాత ఎక్కేవాళ్లను చూసినట్టే, ట్యాంకులో ముందు చేరిన చేప కొత్తదాన్ని చూస్తుంది. అందుకే నెమ్మదస్తులు ముందు, దుడుకువాళ్లు తర్వాత. కొత్త చేపను దింపేటప్పుడు లోపలి రాళ్ల అమరిక కొంచెం మార్చితే పాతవాళ్ల హద్దులు చెరిగిపోయి అందరూ మళ్లీ మొదటినుంచి చోటు వెతుక్కుంటారు. గాజు బయట కొన్నాళ్లు అద్దం పెట్టేవాళ్లూ ఉన్నారు. ట్యాంగ్ తన నీడతో పోట్లాడుతూ ఉండగా కొత్త చేప కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి క్లౌన్ ఫిష్‌ను మించిన నేస్తం లేదు. నారింజ రంగు మీద మూడు తెల్లని పట్టీలు. సముద్రంలో ఇది సీ అనిమోన్ కుట్టే వేళ్ల మధ్య కాపురం ఉంటుంది. ట్యాంకులో అనిమోన్ లేకపోయినా హాయిగా బతుకుతుంది, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు దాటుతుంది. దీని సంసారం విచిత్రం. క్లౌన్ ఫిష్ అన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది, రెండోది దానికి మగడు. ఆడది పోతే మగడే ఆడదిగా మారుతుంది, కింది వరుసలోని చిన్న మగది పైకి వస్తుంది. ఈ సంగతిని ఫ్రిక్ దంపతులు 1977లో నేచర్ పత్రికలో వివరించారు. కాబట్టి ఆడా మగా అని వెతుక్కునే పని లేదు, రెండు చిన్న చేపలు తెస్తే వాటి జంట అవే తేల్చుకుంటాయి. రెండు వేర్వేరు క్లౌన్ జాతులను మాత్రం కలపకూడదు. మండపం, విళింజం కేంద్రాల్లో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని గుడ్ల నుంచి పెంచి చూపించింది. కాబట్టి దిబ్బల నుంచి పట్టి తెచ్చిన క్లౌన్‌ను కొనవలసిన అవసరం ఇప్పుడెవరికీ లేదు.

ఇసుక పరిచిన ట్యాంకులో నాకు అన్నింటికన్నా ఇష్టమైన దృశ్యం వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్యల పొత్తు. రొయ్యకు చూపు సరిగా ఆనదు, కానీ తవ్వడంలో దిట్ట. గోబీకి తవ్వడం రాదు, కళ్లు మాత్రం చురుకు. రొయ్య పగలంతా కన్నంలోంచి ఇసుక తోసి తెస్తూ ఉంటుంది. బయటికి వచ్చినప్పుడల్లా దాని మీసం ఒకటి గోబీ ఒంటికి ఆని ఉంటుంది. ప్రమాదం కనబడితే గోబీ తోక అదురుతుంది, ఆ అదురు మీసం ద్వారా అందగానే రొయ్య లోపలికి. మరీ దగ్గరైతే గోబీ కూడా తలకిందులుగా దూరిపోతుంది. ఈ రొయ్య పెద్ద గోరు టక్కున మూస్తే నీటిలో ఒక బుడగ పుట్టి పేలుతుంది. ఆ చప్పుడు గోళ్లు తాకడం వల్ల కాదనీ, బుడగ పేలడం వల్లేననీ 2000లో తేలింది. ట్యాంకు ఉన్న గదిలోకి అది స్పష్టంగా వినిపిస్తుంది. ఈ జంట నేల మీదే ఉంటుంది, క్లౌన్‌లు మధ్యలో, యాంతియాస్ అనే చేపల గుంపు పైన. ఎత్తులు వేరైతే తగువులు తగ్గుతాయి.

నీలి చారల క్లీనర్ రాస్‌ను చూసి ముచ్చటపడనివారు ఉండరు. దిబ్బ మీద దీనికో కొట్టు ఉంటుంది. పెద్ద చేపలు వచ్చి నోరు తెరిచి నిలబడతాయి, ఇది వాటి మొప్పల్లోకి దూరి పరాన్నజీవులను ఏరుకు తింటుంది. అద్దంలో కనిపించేది తానేనని ఇది గుర్తుపడుతుందని జపాన్‌కు చెందిన మసనోరి కోడా బృందం 2019లో ప్రకటించి శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరిచింది. అయినా దీన్ని కొనవద్దనే నా మాట. ఆస్ట్రేలియా లిజార్డ్ ద్వీపంలో అలెగ్జాండ్రా గ్రటర్ లెక్క వేస్తే ఒక్కో క్లీనర్ రోజుకు 1,200 దాకా పరాన్నజీవులను తింటోందని తేలింది. పది చేపలున్న ట్యాంకులో అన్ని ఎక్కణ్ణుంచి వస్తాయి? చాలావరకు ఇవి ఆకలితో మాడి చస్తాయి. శుభ్రం చేసే చేపే కావాలంటే, హేచరీల్లో పెరిగే నియాన్ గోబీ ఉంది, వీపు మీద తెల్లగీత గీసుకున్న క్లీనర్ రొయ్య ఉంది. మాండరిన్ చేప సంగతీ ఇంతే. జంతులోకంలో నీలం ఎక్కువగా వెలుతురు చేసే మాయ. మాండరిన్ నీలం మాత్రం నిజమైన రంగు పదార్థం. కానీ అది రోజంతా కంటికానని సూక్ష్మజీవులను ఏరుకు తినాలి. ఏడాదికి పైగా నిలదొక్కుకున్న ట్యాంకులో తప్ప దానికి కడుపు నిండదు.

నోటిలో పట్టేదల్లా ఆహారమే అన్నది సముద్రపు నియమం. లయన్ ఫిష్ మెల్లగా తేలుతూ వచ్చి చిన్న చేపను ఒక్క గుటకలో మింగుతుంది, దాని ముళ్లు మనిషికీ విషమే. ట్రిగ్గర్ చేపలు రొయ్యలను నమిలేస్తాయి. పసుపు బాక్స్ ఫిష్ పిల్ల ముద్దుగా పాచికలా ఉంటుంది, బెదిరితే చర్మం నుంచి విషం చిమ్మి ట్యాంకు మొత్తాన్ని చంపగలదు, తాను కూడా చావగలదు. సీతాకోక చేపల్లో చాలావాటికి పగడాలే తిండి. వీటిని వీటికోసమే కట్టిన వేరే ట్యాంకుకు వదిలేయాలి.

నీటి గురించి కొంచెం. మంచినీటి చేప నీళ్లు తాగదు, సముద్రపు చేప తాగుతుంది. చుట్టూ ఉన్న ఉప్పు దాని ఒంట్లోని నీటిని లాగేస్తూ ఉంటే, అది సముద్రాన్నే తాగి ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోస్తుంది. అందుకే ఉప్పు శాతం ఊగిసలాడితే దానికి ప్రాణసంకటం. మన వేసవిలో ట్యాంకు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. తగ్గిన మేర ఉప్పు కలపని ఆర్.ఓ. నీళ్లు పోయాలి. హైదరాబాద్, విజయవాడ ఎండలకు నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పనిసరి. కొత్త ట్యాంకులో అమ్మోనియాను అరిగించే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు చేపను దింపకూడదు. కొన్న ప్రతి చేపనూ నెల రోజులకు పైగా విడి ట్యాంకులో ఉంచి చూడాలి. తెల్లమచ్చల పరాన్నజీవి ఒక్కసారి పెద్ద ట్యాంకులో చొరబడితే వదిలించడం చాలా కష్టం.

మన దేశంలో 2001 నుంచి పగడాలకూ సీహార్స్‌లకూ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. అలంకరణకు కృత్రిమ రాళ్లు వాడితే సరిపోతుంది. ఇండోనేసియాలోని బంగ్గాయ్ దీవుల్లో తప్ప సహజంగా ఎక్కడా లేని బంగ్గాయ్ కార్డినల్ చేప అక్వేరియంల కోసమే వేటాడబడి 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికకెక్కింది. దాని మగది గుడ్లను నోట్లో పెట్టుకుని, తిండి మాని పిల్లలను సాకుతుంది. హేచరీల్లో సులువుగా పెరిగే ఈ చేపను ఇంకా సముద్రం నుంచి పట్టి తేవడం నాకు బాధ కలిగించే విషయం. ఎల్లో ట్యాంగ్‌ను కూడా 2015లో హవాయి పరిశోధకులు గుడ్డు నుంచి పెంచగలిగారు, ఇప్పుడవి అమ్మకానికీ వస్తున్నాయి.

కాబట్టి దుకాణంలో డబ్బు తీసేముందు ఈ చేప ఎక్కడ పుట్టిందో అడగండి, మీ ఎదుట మేత వేయించి తింటుందో లేదో చూడండి, ఎదిగితే ఎంతవుతుందో కనుక్కోండి. ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వస్తే దుకాణానికో, పెంచగలిగినవారికో ఇచ్చేయండి. సముద్రంలోగానీ కాలువలోగానీ వదలకండి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించింది. అది ఎవరో అక్వేరియం నుంచి వదిలిన చేపల సంతతే అని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇవాళ కరీబియన్ అంతటా అది అక్కడి చిన్న చేపలను తినేస్తోంది, దాన్ని తుడిచిపెట్టే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.