పాత రేకు ఏ వాడకు చేరుతోంది?

గత వేసవిలో మా ఊరి ప్రాథమిక పాఠశాల పైకప్పు మార్చారు. నాలుగు దశాబ్దాల నాటి సిమెంటు రేకులను ఇద్దరు అడ్డా కూలీలు గునపాలతో పగలగొట్టి కిందికి తోశారు. ముఖానికి చుట్టుకున్న తువ్వాలే వారికి ఉన్న రక్షణ. పగలని రేకులను దళితవాడ కుటుంబాలు స్నానాల గదులకు, మేకల కొట్టాలకు మోసుకెళ్లాయి. ముక్కలను వాడ పక్క గుంటలో పోశారు. బడి బాగుపడిందని ఊరంతా సంతోషించింది. ఆ దుమ్ము ఎవరి ఊపిరిలోకి వెళ్లిందో ఎవరూ అడగలేదు.

మనం సిమెంటు రేకు అని పిలిచే దానిలో సిమెంటుతో పాటు క్రిసోటైల్ అనే రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉంటుంది. రేకు చెక్కుచెదరనంత కాలం ముప్పు తక్కువ. ఎండకు, వానకు పైపొర అరిగినా, రంధ్రం చేసినా, కోసినా, పగలగొట్టినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ మనుషుల్లో క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఈ వ్యాధులు బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. రోజుకో మేస్త్రీ దగ్గర పనిచేసిన మనిషి ముప్పయ్యేళ్ల తర్వాత ఆయాసంతో మంచం పడితే, ఏ కప్పు కింద ఆ జబ్బు అంటిందో ఎలా నిరూపిస్తాడు?

కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కేసులోనే చెప్పింది. వారి ఆరోగ్య రికార్డులను దశాబ్దాల పాటు భద్రపరచాలని ఆదేశించింది. కానీ ఆ తీర్పు ఫలం అందాలంటే మస్టరులో పేరుండాలి. అడ్డా కూలీకి మస్టరే లేదు. 1986లో కొత్త గనుల లీజులు ఆపిన దేశం, రాతినారను దిగుమతి చేసుకుని రేకులు తయారు చేస్తూనే ఉంది. 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించిన బ్రిటన్‌లో, ప్రభుత్వ భవనాల్లో అది ఎక్కడుందో నమోదు చేసి, పనికి వచ్చేవారికి ముందే చెప్పడం నిర్వాహకుల చట్టబద్ధ బాధ్యత.

ఇది పేదరికం సమస్య, ఇందులో కులమెక్కడుందని కొందరు అడుగుతారు. ఊరు వద్దనుకున్నది వాడకు చేరడం కొత్త కాదు. చచ్చిన పశువు, మిగిలిన అన్నం, పాత బట్ట అలాగే చేరాయి. ఇప్పుడు పాత రేకు చేరుతోంది. పారేయవలసిన దాన్ని ఇవ్వడం దానంగా చలామణి అవుతోంది. తీసుకున్నవారే కృతజ్ఞత చూపాలి. 2011 జనగణన సైతం ఇనుప రేకును, ఆస్బెస్టాస్ రేకును ఒకే గడిలో లెక్కించింది. ఎందరు రాతినార కింద నిద్రపోతున్నారో ఆ లెక్క చెప్పలేదు.

అలాగని ఉన్నపళంగా కప్పులు పీకమనడం న్యాయం కాదు. రేకే కొన్ని కుటుంబాలకు ఉన్న ఒక్క నీడ. ముందు బడులు, సంక్షేమ హాస్టళ్లు, అంగన్‌వాడీల్లో ఈ రేకుల జాబితా తయారు కావాలి. రేకును నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చాలి. ఈ ఖర్చు, కూలీలకు సరైన మాస్కుల ఖర్చు మరమ్మతు అంచనాలోనే ఉండాలి. దించిన రేకును ఎవరికీ ఇవ్వకూడదు. దళిత, ఆదివాసీ వాడల్లో కప్పుల మార్పిడికి ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దారి చూపాలి.

మా బడి గోడ మీద కొత్త కప్పుకు అయిన ఖర్చు రాసిన బోర్డు ఉంది. పాత కప్పును ఎక్కడికి పంపారో కూడా దాని మీద రాయాలని విద్యార్థులు అడగాలి.