డిపాజిట్ వడ్డీపై పన్ను కోత: సభ్యులు గమనించవలసిన సంగతులు

పాల బిల్లులోంచి పదిహేను రోజులకింత చొప్పున ఏళ్ల తరబడి మిగిల్చిన సొమ్మును బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, ఏడాది తిరిగాక పాస్‌బుక్కు వేయించుకున్నప్పుడు వడ్డీ కిందనే పన్ను కోత కనబడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఈ విషయమై మన సభ్యుల నోట తరచుగా వినబడే ప్రశ్నలు రెండు. "మాకు పన్ను కట్టేంత ఆదాయం ఎక్కడిది?" అనేది మొదటిది. "సంపాదించేటప్పుడు చాకిరీ మాది, దాచుకున్నందుకు జరిమానా కూడానా?" అనేది రెండవది. మొదటి ప్రశ్నకు చట్టంలోనే సరైన జవాబు ఉన్నది. అది తెలియకపోవడం వలన పాడి కుటుంబాలు తమ సొమ్మును తామే వదులుకుంటున్నాయి. రెండవ ప్రశ్నలో న్యాయం ఉన్నదని మేము కూడా ఒప్పుకుంటున్నాము. ముందుగా మొదటి సంగతి చూద్దాం.

బ్యాంకు కోసినది పన్ను కాదు, పన్ను కోసం ముందుగా పట్టి ఉంచిన సొమ్ము. మన సంఘాలలో పాలు పోసిన వెంటనే వెన్న శాతాన్ని బట్టి ఒక ధర కట్టి ఇస్తారు. సంవత్సరం చివర లెక్కలు తేలాక మిగులును బట్టి బోనసు పంచుతారు. వడ్డీపై కోత కూడా ఇటువంటి తాత్కాలిక లెక్కే. అసలు పన్ను ఎంతో సంవత్సరం ముగిశాక తేలుతుంది. అంతకన్నా ఎక్కువ పట్టి ఉంటే తిరిగి ఇస్తారు. తేడా ఏమిటంటే, బోనసు మన పేరున సంఘంలో దానంతట అదే జమ అవుతుంది. ఇక్కడ రిటర్ను దాఖలు చేసి అడిగిన వారికే వస్తుంది. అడగని వారి సొమ్ము ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది.

బ్యాంకు డిపాజిట్ల వడ్డీపై ఇప్పటి ఈ కోత పద్ధతి 1995 నుంచి ఉన్నది. ఏటా వడ్డీ ఎంత దాటితే కోయాలన్న హద్దు చాలాకాలం రూ. 10,000 మాత్రమే. 2019-20లో దానిని రూ. 40,000కు, 2025 ఏప్రిల్ 1 నుంచి రూ. 50,000కు పెంచారు. అరవై ఏళ్లు నిండిన వారికి 2018-19లో రూ. 50,000 చేసి, 2025 ఏప్రిల్ 1 నుంచి రూ. 1,00,000 చేశారు. హద్దు దాటితే దాటిన మేరకు కాదు, మొత్తం వడ్డీపై నూటికి పది చొప్పున కోస్తారు. పాన్ నంబరు ఇవ్వని వారికి నూటికి ఇరవై. ఆధార్‌తో జతచేయని కారణాన 2023 జూలై నుంచి పనిచేయకుండా పోయిన పాన్ కార్డులకూ అదే ఇరవై. కార్డు పెట్టెలో భద్రంగా ఉన్నది కదా అనుకుని ఊరుకున్న వారు ఇక్కడే ఎక్కువగా నష్టపోతారు.

ఈ ఊరి శాఖలో కొంత, పక్క ఊరి శాఖలో కొంత వేస్తే కోత తప్పుతుందని కొందరు సలహా చెబుతుంటారు. 2015 జూన్ నుంచి ఆ లెక్క చెల్లదు. కంప్యూటర్లతో శాఖలన్నీ కలిసిన బ్యాంకులలో అన్ని శాఖల వడ్డీని కలిపే చూస్తారు. నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లను కూడా అప్పుడే ఈ కోత కిందికి తెచ్చారు.

ఒక లెక్క వేసి చూద్దాం. నలభై ఐదేళ్ల సభ్యురాలు ఒకరు పాల సొమ్ము, ఇంటి స్థలం అమ్మిన సొమ్ము కలిపి రూ. 8,00,000 ఏడు శాతం వడ్డీకి వేశారనుకోండి. ఏడాది వడ్డీ రూ. 56,000. హద్దు దాటింది కనుక రూ. 5,600 కోశారు. ఆమెకు దాణా, మందులు, కూలి ఖర్చులు పోను పాల మీద రూ. 90,000 మిగిలింది. రెండూ కలిపితే రూ. 1,46,000. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్నే లేదు. పైగా సాధారణ రేట్లకు లోబడే ఆదాయం పన్నెండు లక్షల వరకు ఉన్నవారికి రిబేటు ఇచ్చి పన్ను లేకుండా చేశారు. అనగా ఆమె కట్టవలసినది సున్నా. కోసిన రూ. 5,600 పూర్తిగా ఆమెదే. రిటర్ను వేస్తే వస్తుంది, వేయకపోతే రాదు. ఈ రోజులలో దాణా బస్తాలు ఎన్ని వస్తాయో ఆ సొమ్ముకు మీరే లెక్క చూసుకోగలరు.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి. పాడి కూడా వ్యవసాయమే కనుక పాల ఆదాయానికి పన్ను లెక్క లేదని మనలో చాలామంది నమ్మకం. వరి, మిరప, కూరగాయల వంటి పంటల ఆదాయానికి మినహాయింపు ఉన్న మాట నిజం. పశువులను మేపి పాలు అమ్మగా వచ్చినది మాత్రం చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు. నేలను సాగుచేసి పండించినదే వ్యవసాయ ఆదాయమని సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది. అందువలన పాల మీద మిగిలినదానిని వడ్డీతో కలిపి చూపాలి. చూపినంత మాత్రాన పన్ను పడుతుందని భయపడనక్కరలేదు. పై సభ్యురాలి లెక్కలో పడలేదు కదా.

అసలు కోతే లేకుండా చేసుకునే మార్గం కూడా ఉన్నది. పన్ను కట్టేంత ఆదాయం తమకు లేదని బ్యాంకుకు ముందుగానే రాసి ఇచ్చే ప్రకటన అది. అరవై లోపు వారికి 15జి అనీ, అరవై నిండిన వారికి 15హెచ్ అనీ దశాబ్దాలుగా పిలిచినవి ఇవే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దానితోపాటు సెక్షన్ల, ఫారముల నంబర్లు మారతాయి కనుక పాత నంబరు పట్టుకుని కౌంటరు దగ్గర వాదించక, "వడ్డీపై పన్ను కోయవద్దని ఇచ్చే ప్రకటన" అని అడగండి. ఇది ఒకసారి ఇస్తే శాశ్వతంగా చెల్లేది కాదు. ఏటా ఏప్రిల్‌లో, డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులోనూ ఇవ్వాలి. పాన్ లేకుండా ఇస్తే చెల్లదు. అరవై లోపు వారి విషయంలో ఇంకొక నిబంధన ఉన్నది. మొత్తం మీద పన్ను సున్నా కావడం చాలదు, ఏడాది వడ్డీలన్నీ కలిపి పన్ను మొదలయ్యే కనీస పరిమితిని దాటకూడదు. ఆదాయం ఉండి కూడా లేదని రాసి ఇవ్వడం శిక్షకు గురయ్యే నేరం. బ్యాంకు గుమాస్తా సంతకం పెట్టమన్నాడని చూడకుండా పెట్టవద్దు.

కోత పడలేదంటే పన్ను లేనట్లే అనుకోవడం కూడా పొరపాటే. మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీపై బ్యాంకు కోయదు. కొద్దిపాటి వ్యాపారం గల సహకార సంఘం తన సభ్యుల పొదుపుపై ఇచ్చే వడ్డీకి కూడా కోత లేదు. కాని అవి ఆదాయం లెక్కలోకి వస్తాయి. పాత పన్ను విధానం ఎంచుకున్న వారికి సేవింగ్స్ ఖాతా వడ్డీలో రూ. 10,000 వరకు తగ్గింపు 2012-13 నుంచి ఇచ్చారు. వృద్ధులకైతే ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీతో కలిపి రూ. 50,000 వరకు 2018-19 నుంచి ఇచ్చారు. కొత్త విధానంలో ఈ తగ్గింపులు లేవు. ఆడపిల్లల కోసం 2015లో పెట్టిన సుకన్య సమృద్ధి ఖాతా, పీపీఎఫ్ ఖాతాల వడ్డీకి మాత్రం పన్ను లేదు.

ఇక రెండవ ప్రశ్న. దాచిన సొమ్ముపై పన్ను వేయరు, దానిపై వచ్చిన వడ్డీపైనే వేస్తారు అన్నది చట్టం చెప్పే సమాధానం. వినడానికి బాగానే ఉన్నది. కాని దానిని దాణా బస్తాలలోకి మార్చి చూడండి. బస్తా వెయ్యి రూపాయలు ఉన్నప్పుడు లక్ష రూపాయలకు వంద బస్తాలు వస్తాయి. ఆ లక్షను ఏడు శాతానికి డిపాజిట్ వేస్తే ఏడాదికి రూ. 1,07,000 అవుతుంది. ఈలోగా బస్తా ధర రూ. 1,060 అయిందనుకోండి. ఆ సొమ్ముకు వచ్చేది సుమారు నూటొక్క బస్తాలు. ఏడాది పాటు ఖర్చు పెట్టకుండా ఆగినందుకు మిగిలింది ఒక్క బస్తా. ఇరవై శాతం పన్ను పడే వ్యక్తి అయితే వడ్డీలో రూ. 1,400 పోయి చేతికి రూ. 1,05,600 వస్తుంది. దానికి వంద బస్తాలు కూడా రావు. కాగితం మీద ఆదాయం, కొట్టంలో నష్టం!

నేల అమ్మిన వారికి, బంగారం అమ్మిన వారికి ధరల పెరుగుదలను కొన్న ధరకు కలిపి, మిగిలిన లాభానికే పన్ను వేసే పద్ధతి ఎన్నో ఏళ్లు నడిచింది. 2024 జూలై 23 నుంచి దానిని ఎత్తివేసినా, ఆ తేదీకి ముందు కొన్న భూములు, ఇళ్ల విషయంలో పాత లెక్క కోరుకునే వెసులుబాటు ఉంచారు. బ్యాంకు డిపాజిట్‌కు మాత్రం ఇటువంటి వెసులుబాటు ఏనాడూ లేదు. వడ్డీ ఆదాయంలో కొంత మొత్తాన్ని వదిలిపెట్టే 80ఎల్ అనే సెక్షను ఒకప్పుడు ఉండేది. దానినీ 2005లో తీసివేశారు. నాలుగెకరాల భూమి కొనగలిగిన వానికి దొరికిన ఊరట, రెండు గేదెలపై పొదుపు చేసిన ఇల్లాలికి దొరకలేదన్న మాట. పన్ను అసలే వద్దని మేము అనడం లేదు. రోడ్లకు, పశువుల ఆసుపత్రులకు సొమ్ము ఎక్కడి నుంచో రావాలి. కాని ధరల పెరుగుదలను కూడా ఆదాయంగా లెక్కకట్టడం సబబు కాదని, ఈ మాటను పై వరకు చేర్చవలసిన బాధ్యత సహకార సంస్థలకు ఉన్నదని మా అభిప్రాయం.

అయితే ఈ కోపంతో చేసే పనులు కొన్ని కోత కన్నా ఎక్కువ నష్టం తెస్తాయి. డిపాజిట్ పగలగొట్టి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెలిసినవారికి ఇచ్చేవారు ఉన్నారు. చిట్టా లేని చీటీపాటలో పెట్టేవారు ఉన్నారు. ఐదు వేల కోతకు కోపగించి ఎనిమిది లక్షలను రసీదు లేని చోట పెట్టడం ఏ లెక్కకూ నిలవదు. ఆ వడ్డీ కూడా చట్టప్రకారం ఆదాయమే.

మరి కొందరు సొమ్మును భార్య పేరునో, చిన్నపిల్లల పేరునో వేస్తారు. భర్త తన సొమ్మును భార్యకు ఊరకే ఇచ్చి డిపాజిట్ వేయిస్తే, ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. మైనరు పిల్లల వడ్డీని తల్లిదండ్రులలో ఎక్కువ ఆదాయం గలవారికి కలుపుతారు. కాని మన మహిళా సభ్యులు ఒకటి గమనించాలి. మీరు మీ పేరున పాలు పోసి, మీ ఖాతాలో పడిన బిల్లులోంచి మిగిల్చి వేసిన డిపాజిట్ మీదే. దాని వడ్డీ మీ ఆదాయమే గాని మీ భర్తది కాదు. దానికి రుజువు మీ పాల పుస్తకం, సంఘం ఇచ్చే బిల్లులు. లెక్క అయిపోయిందని వాటిని పారవేయక కనీసం కొన్నేళ్ల పాటు భద్రపరచుకోవాలి. పొయ్యి రాజేయడానికి వేరే కాగితాలు దొరుకుతాయి.

చివరగా సంఘాల పాలకవర్గాలకు ఒక మాట. భవన నిధి, రిజర్వు నిధి పేరిట సంఘం వేసిన డిపాజిట్లకూ ఈ బాధ తప్పదు. సభ్యుల పాలను సమాఖ్య సంఘానికి సరఫరా చేసే ప్రాథమిక సంఘానికి, ఆ పాల వ్యాపారపు లాభం మొత్తంపై 80పి సెక్షను కింద మినహాయింపు ఉండేది. కొత్త చట్టంలో నంబరు మారినా ఆ వెసులుబాటు ఉన్నది. బ్యాంకులో వేసిన మిగులు నిధుల వడ్డీ మాత్రం పాల వ్యాపారపు లాభం కాదు. ఒక సహకార విక్రయ సంఘం కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇటువంటి వడ్డీని ఇతర ఆదాయంగానే పరిగణించింది. వేరొక సహకార సంఘంలో పెట్టిన పెట్టుబడి వడ్డీకి విడిగా మినహాయింపు ఉన్నది. సహకార బ్యాంకులో వేసిన డిపాజిట్ వడ్డీపై తీర్పులు ఇటూ అటూ వచ్చాయి కనుక, డిపాజిట్ పునరుద్ధరించే ముందే ఆడిటరును సంప్రదించడం మంచిది. అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువులోగా రిటర్ను వేయని సంఘానికి 80పి మినహాయింపే ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. పన్ను లేని సంఘం కూడా ఆలస్యం చేసి పన్ను తెచ్చిపెట్టుకోవచ్చునన్న మాట.

కార్యదర్శులు మార్చి చివరి పాల బిల్లు పంచే రోజున, డిపాజిట్లు గల సభ్యులు ఎవరెవరో అడిగి తెలుసుకుని, ఏప్రిల్ మొదటి వారంలో ప్రకటన ఫారములు పూర్తిచేయడానికి సాయపడగలరు. ఇప్పటికే కోత పడిన వారు బ్యాంకు నుంచి కోత ధ్రువపత్రం తీసుకుని, పాన్, ఆధార్, సొమ్ము తిరిగి జమ కావలసిన ఖాతా పాస్‌బుక్కు వెంట పెట్టుకుని రిటర్ను వేయించుకోవాలి. ఆర్థిక సంవత్సరం మార్చిలో ముగిశాక వచ్చే వేసవి, వర్షాకాలాలలోనే ఈ పని పూర్తి చేసుకోవడం మేలు. మామూలు గడువు దాటిపోయినా అదే ఏడాది డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు.