ఇంటి కంప్యూటరులో అధికారపు చిక్కులు

వెలపెట్టి కొన్న యంత్రము తన యజమానినే గుమ్మమున నిలిపి "నీకు అనుమతి లేదు" అని పలుకుట వింతగా నుండును. మన విద్యార్థులలో 'యాక్సెస్ డినైడ్' అను మాటను తెరపై చూడనివా రరుదు. అట్టి సమయమున ననేకులు విసిగి తలుపులన్నియు బార్లా తెఱచి పెట్టుదురు. అది మొదటి చిక్కుకంటె పెద్ద కీడు. ఈ నిరాకరణము పైకి ఒక్కటిగా కనబడినను దాని కారణములు వేఱువేఱు; కారణ మెఱుగక మందు వేయరాదని తెలుపుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. మన యిండ్లలో విస్తారముగా నున్న విండోసు పద్ధతినే యిచట తీసికొందుము.

2001లో వెలువడిన విండోసు ఎక్స్‌పీలో, మొదట ఖాతా తెఱచినవాడు అడ్మినిస్ట్రేటరే. అతడు నడుపు ప్రతి ప్రోగ్రామునకును అతని సర్వాధికారము సంక్రమించెడిది. ఎవరో యిచ్చిన ఆట యొకటి తెఱచిన, దానితో చొరబడిన దుష్టప్రోగ్రాముకూడ ఇంటి పెత్తనము చేసెడిది. 2007లో ఇండ్లకు వచ్చిన విస్టాతో ఈ పద్ధతి మాఱినది. నాటినుండి అడ్మినిస్ట్రేటరు నడుపు ప్రోగ్రాములును సామాన్యాధికారముతోనే నడచును. పెద్ద మార్పు చేయవలసినపుడు మాత్రము యంత్రము తెరను మసకపఱచి సమ్మతి యడుగును. ఇనుపపెట్టె తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొని తిరుగక, గూటిలో నుంచి వలసినపుడే తీసికొనుటవంటి దిది. కావున ఒక ప్రోగ్రాము అనుమతి చాలదన్నచో, దాని గుర్తుపై మౌసు కుడిమీట నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అనుదానిని ఎన్నుకొని చూడవలెను. ఆ ప్రోగ్రాము ఎచటనుండి వచ్చినదో తెలియనిచో ఆ పని చేయనే వలదు.

రెండవ కారణము మిక్కిలి చిత్రమైనది. పాత కంప్యూటరు చెడిపోగా, దాని డిస్కును తీసి క్రొత్త యంత్రమునకు తగిలింతుము. ఖాతా పేరు అదియే, పాస్‌వర్డు అదియే. అయినను తన ఫోల్డరు తనకే తెఱచుకొనదు! ఏలయన, యంత్రము మనుష్యుని పేరుతో నెఱుగదు. 'సిడ్' అను దీర్ఘమైన సంఖ్యతో నెఱుగును. పరీక్షకుడు పేరు చూడక హాల్‌టిక్కెట్టు నంబరు చూచునట్లే యిదియును. క్రొత్త యంత్రము మనకు క్రొత్త సంఖ్య నిచ్చినది. ఫోల్డరుపై పాత సంఖ్యయే యున్నది. అపుడు ఆ ఫోల్డరుయొక్క 'ప్రాపర్టీస్'లో 'సెక్యూరిటీ', అందు 'అడ్వాన్స్‌డ్' తెఱచి, 'ఓనర్' అనుచోట మన ఖాతాను వ్రాసి, లోపలి ఫైళ్ళకును వర్తింపజేసి, పిదప మన ఖాతాకు అనుమతి నీయవలెను. ఇది మన సొంత ఫోల్డరువఱకే. విండోసు ఫోల్డరులోని అనేక ఫైళ్ళకు 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అను వేఱొక యజమాని కలడు, అతనిని కదలింపరాదు. సి డ్రైవు మొత్తమునకు 'ఎవ్రీవన్' అను పేర సర్వాధికార మిచ్చుట తలుపులు ఊడబెఱికి తాళము బాధ తీఱినదని సంతోషించుటయే.

ఇచట నొక సంగతి ముఖ్యముగా చెప్పవలసియున్నది. అనుమతి యనునది కావలివానివంటిది, కావలివానిని మార్చవచ్చును. ఎన్‌క్రిప్షను అట్టిది కాదు. అది లోపలి వ్రాతనే గూఢలిపిగా మార్చును. యాజమాన్యము మార్చుకొన్నను చదువుటకు వీలులేదు. ఫైళ్ళను విడివిడిగా ఎన్‌క్రిప్టు చేసియుండిన, వాని సర్టిఫికెటును ముందే భద్రపఱచియుండవలెను. డిస్కు నంతటిని బిట్‌లాకరు మూసినచో 48 అంకెల రికవరీ కీ యుండును. ఇది మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రమై యుండవచ్చును, అచట వెదకవలెను. ఇవి చూడక పాత విండోసును తుడిచివేసిన, తాతగారి ఛాయాచిత్రములైనను సరే, పెండ్లి చిత్రములైనను సరే, మరల రావు. డిస్కు చేతిలోనే యుండును. చిత్ర మొక్కటియు కనబడదు.

పత్రము భద్రపఱచునపుడు మాత్రమే నిరాకరణము కలిగినచో, 2017లో విండోసు 10నందు చేర్చిన 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనుదానిని పరీక్షింపవలెను. అది తా నెఱుగని ప్రోగ్రాములను 'డాక్యుమెంట్స్' మొదలగు ఫోల్డరులలో వ్రాయనీయదు. అడ్మినిస్ట్రేటరుగా నడిపినను ఆపును. ఆ ప్రోగ్రామును నమ్మినవానిలో చేర్చిన చాలును.

పిల్లలకు సామాన్య ఖాతా యుండుట మాకును సమ్మతమే. కాని కొందఱు ఉత్సాహమున ఇంటనున్న ఒక్క అడ్మినిస్ట్రేటరు ఖాతానుకూడ సామాన్యము చేయుదురు. అపుడు యంత్రము పాస్‌వర్డు అడుగుటకైనను ఎవరును మిగులరు. 'యెస్' అను మీట నొక్కుటకు వీలుకాదు. కావున రెండవ అడ్మినిస్ట్రేటరు ఖాతా నొకటి ముందే తెఱచి, దాని పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతోపాటు పెట్టెలో నుంచవలెను.