టిఫిన్ డబ్బాలో అన్నమెందుకు?

మిరప కోతల రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దున్నే బయలుదేరే ఆటోల్లో, ప్రతి కూలీ దగ్గరా ఒక స్టీలు క్యారేజీ ఉంటుంది. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పో గోంగూర పచ్చడో. దాని పూర్తి పేరు టిఫిన్ క్యారియర్. కానీ ‘టిఫిన్ తెచ్చుకున్నావా?’ అని అడిగితే, ‘లేదక్కా, అన్నమే తెచ్చుకున్నా’ అంటారు. ఇక్కడ టిఫిన్ అంటే ఇడ్లీ, పూరీ, ఉప్మా, పెసరట్టు. ఒక్కమాటలో, అన్నం కానిది. మరి అన్నం మోసే గిన్నెలకు ఆ పేరెలా అంటుకుంది?

ఆ మాట పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి వాడుకలో ‘టిఫ్’ అంటే కాస్తంత మద్యం పుచ్చుకోవడం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వెలువరించిన వీధి భాష నిఘంటువులో ‘టిఫింగ్’ అన్న మాట ఉంది. వేళగాని వేళ తినడం, తాగడం అని దానికి అర్థం చెప్పాడాయన. మూడేళ్ళ తరవాత, 1788లో, గుంటూరు సర్కారు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దఖలు పడింది. అలా ఆ మాట వాడేవాళ్ళ పాలన ఇక్కడికీ వచ్చింది.

ఆ కాలంలో ఇంగ్లీషువాళ్ళ అసలు భోజనం మధ్యాహ్నం నుంచి జరిగి జరిగి రాత్రికి చేరుతోంది. పగటి ఆకలికి వేరే తిండి కావాల్సి వచ్చింది. ఇంగ్లండులో దాన్ని లంచ్ అంటే, ఇండియాలోని దొరలు టిఫిన్ అన్నారు. 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులోనూ టిఫిన్ అంటే మధ్యాహ్నపు తిండే. ఈ మాట అరబ్బీదనీ చైనాదనీ కొందరు చెప్పిన వాదాలు దాన్ని కూర్చిన యూల్, బర్నెల్‌లకు నచ్చలేదు. ఇంగ్లీషు వాడుక మాటే ఇక్కడ నిలిచిపోయిందన్నారు. క్యారియర్‌కు పేరు పడింది ఆ పాత అర్థంతోనే. ముంబయిలో డబ్బావాలాలు మోసే టిఫిన్ ఇప్పటికీ మధ్యాహ్న భోజనమే.

మన వైపు ఆ అర్థం నిలవలేదు. తెలుగువాళ్ళకు అన్నం తింటేనే భోజనం. మిగతాదంతా, ఎంత తిన్నా, వేరే లెక్క. ఆ లెక్కకు మనకు ముందే ఒక పేరుంది, ఫలహారం. ఏకాదశికో శనివారం రాత్రికో అన్నం మానేసి పళ్ళూ పాలూ తీసుకోవడం దాని మొదటి అర్థం. పళ్ళ పక్కన ఉప్మా చేరింది, అట్టు చేరింది, ఇడ్లీ చేరింది. పళ్ళు పక్కకు తప్పుకున్నా పేరు మాత్రం ‘పలారం’గా జనం నోట మిగిలింది. కాఫీ హోటళ్ళ బోర్డుల మీద కనిపించిన టిఫిన్ వచ్చి కూర్చున్నది ఈ పలారం పీట మీదే అనిపిస్తుంది.

ఐరోపాలోనూ ఇలాంటి కథే ఒకటుంది. క్రైస్తవ మఠాల్లో సాయంత్రం పూట కేసియన్ అనే సన్యాసి రాసిన ‘కొలేషన్స్’ అనే గ్రంథం చదివేవారు. ఉపవాస దినాల్లో ఆ వేళకు కొద్దిగా తినడానికి అనుమతి ఉండేది. చివరికి పుస్తకం పేరే ఆ తిండికి వచ్చి, ఇంగ్లీషులో కొలేషన్ అంటే తేలికపాటి భోజనమైంది. బ్రేక్‌ఫాస్ట్ సంగతి సరేసరి, ఉపవాసం విడవడమే. స్నాక్ మాత్రం వేరే దారిన వచ్చింది. మొదట్లో అది కుక్క చటుక్కున పట్టిన కాటు. తరవాత వాటా, ఆ తరవాత నాలుగు ముద్దల తిండి.

ఇన్ని మాటలు రాకముందు ఈ పొలాల్లో పొద్దుటి తిండి చద్ది. చల్లనిది గనక చలిది, అదే చల్ది, చద్ది. పోతన భాగవతంలో గోపబాలురు కృష్ణుడితో కలిసి ఆరగించినవి ఈ చల్దులే. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ఉంటే అంతకుమించి ఇంకేమీ అక్కర్లేదు. చద్ది వేళ అంటే గడియారం లేనివాళ్ళకూ తెలిసేది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు విడుదలై, కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలకు వరి తేకముందు చాలా ఇళ్ళలో ఆ చద్ది కూడా జొన్నదే. గోపన్నల కాలం నుంచి నిలిచిన ఈ మాట ఊళ్ళలో కూడా పలచబడటం బాధాకరం. బడికెళ్ళే పిల్లలకు చద్దన్నం అంటే ఇప్పుడు హోటల్ మెనూలో కనిపించే వింత.

కూలీలకు మాత్రం అది వింత కాదు. పొద్దుటినుంచీ కాయలు కోసిన వేళ్ళు మంటెత్తుతుంటే, ఎన్నిసార్లు కడిగినా ఘాటు వదలదు. అలాంటి చేత్తో కలుపుకోవడానికి పెరుగన్నమో మజ్జిగన్నమో ఉంటేనే హాయి. ఆ అన్నం మోసే గిన్నెలను వాళ్ళు క్యారేజీ అనే అంటారు, టిఫిన్ ఊసెత్తరు.

ఆ టిఫిన్ ఇప్పుడు రాత్రికి కూడా పాకింది. షుగర్ ఉందని అన్నం మానేసినవాళ్ళు చాలామంది చీకటి పడ్డాక టిఫిన్ బండి దగ్గర రెండు ఇడ్లీలో ఒక రవ్వట్టో కట్టించుకుంటారు. భోజనాల మధ్య తిండికి పుట్టిన మాట, వాళ్ళ ఇళ్ళలో రాత్రి భోజనానికే పేరైంది.