ప్రదర్శనశాలలో రచ్చబండ

ప్రదర్శన చూడబోయినవాని శరీరంలో కన్నులకు దొరికే ఆదరణ తక్కిన అవయవాలకు దొరకదు. కాళ్ళు నిలువుకాళ్ళ కొలువు చేయవలెను. చేతులకు “ముట్టరాదు” అనే శాసనం ఉండనే ఉన్నది. గంట గడిచేసరికి కన్నులు కూడా అలసిపోతాయి; అపురూపమైన వస్తువు సైతం పక్కనున్న వస్తువు వలెనే కనిపించసాగుతుంది. ఈ అలసటను ఎరిగిన నిర్వాహకులు ప్రదర్శన నడుమ కొంత విశ్రాంతి తావు కల్పిస్తారు. నాలుగు అద్దె కుర్చీలు వేసి మంచినీళ్ళ కుండ పెట్టడం ఒక పద్ధతి. ఆ కూర్చునే చోటునే చేతిపనితో తీర్చి, వచ్చినవారు కూర్చుని, తాకి, మాట్లాడుకుంటేనే పూర్తి అయ్యే ప్రదర్శనాంశంగా రూపొందించడం మరొక పద్ధతి. ఏటేటా ప్రదర్శనలు జరుపుకొనే మన పాఠశాలలకు ఈ రెండవ పద్ధతి పనికివచ్చే విద్య.

ఇంగ్లీషులో దీనిని లౌంజ్ అంటారు. “విశ్రాంతి మందిరం” అని మనవారు చేసే అనువాదంలో నిద్ర ఎక్కువ, మాట తక్కువ. నిజానికి ఈ భావానికి తెలుగులో పేదరికం లేదు. అరుగు, పంచ, వసారా, చావడి, రచ్చబండ - ఒక్కొక్క మాట ఒక్కొక్క రకమైన కూర్చోవడాన్ని చెప్పుతున్నది. అరుగు ఇంటివారిది, అయినా దారిన పోయేవాడు అనుమతి అడుగకుండా దానిమీద చతికిలబడవచ్చును. చావడిలో కొంత అధికారం వాసన ఉన్నది. రచ్చబండ ఎవరిదీ కాదు. “రచ్చ” అనే మాట సంస్కృతపు “రథ్య” నుండి ప్రాకృతం మీదుగా వచ్చినది. వీధి అని దాని అర్థం. వీధిలో ఉన్న బండ మీద, చెట్టు నీడలో, ఒకరి మొగం ఒకరికి కనిపించేటట్లు కూర్చోవడమే రచ్చబండలోని శిల్పం. అయితే ఆ బండ మీద అందరికీ సమానంగా చోటు దక్కిన ఊళ్ళు తక్కువ అన్న సత్యాన్ని కూడా మరువరాదు. నేడు కొత్తగా నిర్మించేవారు రచ్చబండ నీడను తెచ్చుకోవలెను గాని, దాని అంతస్తులను కాదు.

ఈ విద్యకు పాశ్చాత్య దేశాలలో ప్రసిద్ధమైన ఉదాహరణ బెర్లిన్ నగరంలో 1927లో జరిగినది. స్త్రీల వస్త్రాలంకరణను గురించిన ప్రదర్శన అది. జర్మను పట్టునేత సంఘంవారు తమ సరుకు చూపించుకొనే పనిని లిల్లీ రైక్, మీస్ వాన్ డెర్ రో అనే ఇద్దరు శిల్పులకు అప్పగించారు. సాధారణంగా అయితే అద్దాల బీరువాలలో పట్టుతానులు పేర్చి, కింద ధర చీటీలు అంటించేవారు. వీరు అట్లా చేయలేదు. సన్నని ఉక్కు గొట్టాలను కొన్ని నిటారుగా, కొన్ని విల్లు వలె వంచి నిలిపి, వాటి నుండి బట్టలను నేల దాకా వేలాడదీశారు. నలుపు, నారింజ, ఎరుపు రంగుల మఖమలు; బంగారు, వెండి, నలుపు, నిమ్మపండు రంగుల పట్టు. ఆ తెరలే గోడలు. నడుమ చిన్న బల్లలు, వంచిన ఉక్కు గొట్టపు కుర్చీలు. జనం వచ్చి కాఫీ త్రాగుతూ కూర్చున్నారు. పట్టును చూడండి అని ఎవరూ చెప్పనక్కరలేకపోయినది. పట్టులోనే వారు కూర్చుని ఉన్నారు. గోడలు కట్టకుండా గది కట్టడం ఎట్లాగో ఆ తెరలు నేర్పినాయి. దానికి మఖమలు-పట్టు కాఫీశాల అని పేరు వచ్చినది.

1970లో కొలోన్ నగరంలో వెర్నర్ పాంటన్ అనే డేనిష్ శిల్పి మరింత సాహసం చేశాడు. నేలా గోడా కప్పూ అనే భేదం లేకుండా రంగురంగుల మెత్తని వంపులతో ఒక గుహ వంటి గదిని తీర్చి, అందులో జనాన్ని పడుకోబెట్టాడు. అద్భుతమే గాని, అది రసాయన పరిశ్రమవారు తమ కృత్రిమ నూలును ప్రచారం చేసుకొనడానికి చేయించినది. మన విషయానికి అంతకంటె దగ్గరి బంధువు జపాను దేశపు తోషికో హోరియుచి మాక్ ఆడమ్ కథ. ఈమె నూలును చేత్తో అల్లి పెద్ద పెద్ద శిల్పాలు చేసి ప్రదర్శించేది. ఒకమారు ప్రదర్శనకు వచ్చిన పిల్లలు ఆ శిల్పంలోకి ఎక్కి ఊగసాగారు. మరొకరైతే కేకలు వేసి దింపించేవారే. ఈమె మాత్రం తన అల్లిక పిల్లల బరువుకు సాగి, ముడుచుకొని, ప్రాణం పోసుకోవడం గమనించినది. ఆ పిమ్మట పిల్లలు ఎక్కి ఆడుకొనే అల్లికలే ఆమె జీవితపు పని అయినవి. హాకొనేలోని ఆరుబయటి కళామందిరంలో 2009లో లోహపు మేకులు లేకుండా దూలాలు పేర్చి కట్టిన మంటపంలో ఆమె అల్లిన వల వేలాడుతున్నది. ఉపాధ్యాయులు ముఖ్యంగా గుర్తించవలసినది ఇక్కడ ఉన్నది. పిల్లవాడు వస్తువును తాకినప్పుడు చెడినది ఏమిటి, తెలిసినది ఏమిటి అని ఆమె ఒక్క క్షణం ఆలోచించినది.

ఇక మన ఊరికి వద్దాము. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని కొంగరకలాన్‌లో ఇటువంటిది నిర్మించవలెనంటే ఏమి చేయవలెను? “కలాన్” అనేది పారసీక పదం; పెద్దది అని అర్థం. చిన్నదానిని “ఖుర్ద్” అంటారు. కొంగర ఖుర్దు కూడా ఆ చుట్టుపక్కల ఉన్నది. పేరులో పెద్దరికం ఉన్నా చిరకాలం పొలాల నడుమ పల్లెగా ఉన్న ఈ ఊరికి 2022 ఆగస్టు 25న జిల్లా కలెక్టరు కార్యాలయ భవనం వచ్చినది. 2023 మే 15న ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. పొరుగున ఆదిభట్లలో విమాన భాగాలు తయారవుతున్నాయి. యంత్రం చేసిన వస్తువు ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. చేయి చేసిన వస్తువే కొత్త.

అట్లని చేతిపని దూరాన లేదు. చిటికి నేతకు పేరుపడిన పుట్టపాక, కొయ్యలగూడెం, భూదాన్ పోచంపల్లి తూర్పు దిక్కున ఉన్నవే. నూలును ముందుగానే లెక్కప్రకారం కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి నేయడం చిటికి పద్ధతి. కట్టు ఉన్న చోట రంగు ఎక్కదు. నేతకు ముందే బొమ్మ దారంలో దాగి ఉండడం దీనిలోని వింత. తెరలుగా వేలాడదీయడానికి ఇంతకంటె తగిన బట్ట ఏది? బెర్లిన్ శిల్పులు ఉక్కు గొట్టాలు వాడిన చోట మనవారు వెదురు వాడవచ్చును. కూర్చోవడానికి నులకమంచాలు చాలును. కాని వాటిని వరుసగా వేస్తే ఆసుపత్రి అవుతుంది. ఎదురెదురుగా, కొంచెం ఏటవాలుగా వేస్తే చావడి అవుతుంది. ముసలివారు నులకమంచం నుండి లేవలేరు గనుక అడుగున్నర ఎత్తున అరుగు ఒకటి తప్పనిసరి. తెరలకు దీపాలు తగులరాదు. చేతి జిడ్డు బట్టను మాపుతుంది గనుక తాకడానికి ప్రత్యేకంగా కొంత ముక్కను అందుబాటులో వేలాడదీసి, మాసినప్పుడల్లా మార్చవలెను.

జనం చేయి కలిపే భాగం అసలైన చిక్కు. ఇక్కడ ఆసు సంగతి చెప్పక తప్పదు. చిటికి నేతలో పేక నూలును చాప వలె పరచుకొనడానికి అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పవలెను. ఒక్క చీరకు ఇంచుమించు 9,000 సార్లు చేయి ఆడవలెను. ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవారి భుజాల మీద నడచినది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రాన్ని సాధించి దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

మరి ఒక తల్లికి బాధ అయిన పనిని ప్రదర్శనలో వినోదంగా పెట్టడం న్యాయమా? ప్రదర్శనలలో తరచుగా జరిగేది అదే. మగ్గం ముందు ఒక మనిషిని కూర్చోబెడతారు; జనం చుట్టూ మూగుతారు; ఆ మనిషి పేరు ఎవరూ అడుగరు. నిర్మాత పేరు పెద్ద అక్షరాలతో ద్వారం మీద ఉంటుంది. ఈ అలవాటు సమర్థనీయం కాదు. అయితే ఆసు చట్రాన్ని దాచివేయడమూ పరిష్కారం కాదు. దానిని మంచాల నడుమ పెట్టి, వచ్చిన ప్రతివారినీ దారం తిప్పనీయవలెను. అలవాటు లేని చేయి మేకు తప్పుతుంది; బిగువు కుదరదు. అందువలన చీర నూలు కాక విడి నూలు ఇవ్వవలెను. పక్కన ఒక పలక మీద లెక్క వ్రాస్తూ పోవలెను. ఒకడు ఇరవై మారులు తిప్పి చేయి దులుపుకొంటాడు. పంతగాడు వంద దాకా పోతాడు. సాయంకాలానికి ఊరంతా కలిసి తిప్పినది తొమ్మిది వేలకు ఎంత దూరంలో ఉన్నదో పలకే చెప్పుతుంది. ఆ పలక కిందనే ఆసు యంత్రం బొమ్మ ఉండవలెను. చూపరి తన భుజాన్ని తడుముకొంటూ ఆ బొమ్మను చూసినప్పుడు మల్లేశం కథ వేరే వివరించనక్కరలేదు.

ఖర్చు సంగతి మొదటి రోజే తేల్చుకోవలెను. తెరలు నేసినవారికీ, వాటి నూలు కట్టినవారికీ, నులక అల్లినవారికీ కూలి ముందుగా చెల్లించి, వారి పేర్లు వారి ఇష్టప్రకారం ఆ వస్తువు పక్కనే వ్రాయవలెను. నేర్పడానికి వచ్చిన నేతకత్తె గంటకు ఒకమారు లేచి విశ్రమించడానికి అదే మంచం ఆమెకూ ఉండవలెను. ప్రదర్శన ముగిసిన మరునాడు తెరలు తిరిగి నేతవారికా, బడికా అన్నది కాగితం మీద ఉండవలెను. మంచాలను బడి వసారాలో వేసుకొనవచ్చును. లేదా సోమవారం నాడు ప్రజావాణికి అర్జీలు పట్టుకొని కలెక్టరు కార్యాలయానికి వచ్చి గంటల తరబడి ఎదురుచూచేవారి కోసం అడిగి ఇవ్వవచ్చును. ఎక్కడ వేసినా, పదిమంది కూర్చుంటే నులక సాగుతుంది. కాళ్ళవైపు తాడును వారానికి ఒకమారైనా బిగించవలెను. ఆ పని పై తరగతి పిల్లలకు నులక అల్లినవారి చేతనే నేర్పించవలెను.