సూరత్ చరిత్రకు ఇంగ్లీషు ఒక్కటే చాలదు

సూరత్‌లో కతార్‌గామ్ దర్వాజా పరిసరాల్లో రెండు పాత శ్మశానాలు ఉన్నాయి. ఒకదానిలో ఆంగ్లేయ వర్తక కేంద్రం అధిపతి జార్జ్ ఆక్సెండెన్ (మరణం 1669), రెండోదానిలో డచ్ అధికారి వాన్ రీడ్ (మరణం 1691) సమాధులు కనిపిస్తాయి. కేరళ మొక్కలపై 12 సంపుటాల 'హోర్టస్ మలబారికస్'ను వెలువరించింది ఈ వాన్ రీడే.

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరంలో ప్రధాన రేవు. ఆంగ్లేయులు 1613లో, డచ్చివారు 1616లో ఇక్కడ వర్తకం స్థిరపరచుకున్నారు. బట్టలు, నీలిమందు కొన్నారు. లెక్కలు, ఉత్తరాలు ఎవరి భాషలో వారు రాసుకున్నారు. కాబట్టి ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవారికి అందేది ఒక పక్షం కథే.

రెండు భాషల ఎంఏ అంటే?

ఇంగ్లీషు, డచ్, జర్మన్‌లది ఒకే జెర్మానిక్ కుటుంబం. బెల్జియంలో వీటిలో రెండింటిని, వాటి సాహిత్యాలతో కలిపి, ఎంఏ స్థాయిలో చదవవచ్చు. లూవెన్, ఘెంట్ విశ్వవిద్యాలయాల్లో ఈ సంప్రదాయం ఉంది. మన దగ్గర భాషకో డిగ్రీ. హైదరాబాద్ ఇఫ్లూలో ఇంగ్లీషు, జర్మన్ ఎంఏలు వేర్వేరు. సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఉన్నది ఇంగ్లీషు ఎంఏ.

దగ్గరి భాషలు తేలిగ్గా వస్తాయి, తేలిగ్గానే తప్పుదారీ పట్టిస్తాయి. తెలుగులో 'అవసరం' అంటే కావలసినది, తమిళంలో తొందర. అలాగే 'స్లిమ్' ఇంగ్లీషులో సన్నని, డచ్‌లో తెలివైన.

సాహిత్యం ఎందుకు?

పాత కాగితాలకు వ్యాకరణం ఒక్కటే సరిపోదు. సూరత్‌లో ఆంగ్లేయుల 'ఫ్యాక్టరీ' అంటే మగ్గాలు ఆడే కార్ఖానా కాదు, కంపెనీ ఏజెంట్లు ఉండే కొఠీ. డచ్ 'లైన్‌వాట్' అసలు అర్థం నారబట్ట. కంపెనీ కాగితాల్లో మాత్రం అది చాలాచోట్ల భారతీయ నూలుబట్ట. ఆ కాలపు గ్రంథాలు, యాత్రా కథనాలు చదివి అలవాటైనవారే ఈ తేడా పట్టగలరు.

యుద్ధనౌకలు, సుల్తానుల కథలకు ఈ పొరపాట్ల వల్ల పెద్ద నష్టం లేదు. నష్టపోయేది నేతగాళ్ల చరిత్ర. ఎవరు ఏ బట్ట నేశారు, బయానా ఎంత తీసుకున్నారు అన్నది ఇలాంటి మాటల మీదే తేలుతుంది.

తెలుగువారికి ఏం సంబంధం?

డచ్చివారు సూరత్ కంటే ముందే, 1606 నాటికే మచిలీపట్నంలో ఉన్నారు. వారి కాగితాల్లో 'పాలికోల్' అంటే పాలకొల్లు, 'బిమిలిపట్నం' అంటే భీమునిపట్నం. ఊరి పేరు చెవిన పడగానే గుర్తుపట్టే సౌలభ్యం తెలుగు విద్యార్థికి అదనం. తపన్ రాయ్‌చౌధురి కోరమాండల్ డచ్ వర్తకంపై (1962), అశీన్ దాస్‌గుప్తా సూరత్ వర్తకుల పతనంపై (1979) రాసిన గ్రంథాలకు డచ్ పత్రాలే ప్రధాన ఆధారం.

డచ్ కంపెనీ పత్రాలు 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరాయి. ఇప్పుడు లక్షలాది పేజీల చేతిరాతను కంప్యూటర్లు చదివి పెడుతున్నాయి. పేజీ దొరకడం సులువైంది. కానీ 'లైన్‌వాట్'కు యంత్రం నారబట్ట అని రాసేస్తే, అది తప్పని చెప్పే మనిషి కావాలి.

దారి ఏది?

రెండు భాషల ఎంఏకు సాధారణంగా రెండింటిలోనూ ముందే పునాది అడుగుతారు. కాబట్టి ఇంగ్లీషు చదివే విద్యార్థి డిగ్రీ రోజుల్లోనే డచ్ మొదలుపెట్టడం మంచిది. జీతం లెక్కన చూస్తే జర్మన్‌కే గిరాకీ ఎక్కువ. డచ్ ఎంచుకునేవారు పరిశోధన వైపు వెళ్లాలనే ఉద్దేశంతోనే ఎంచుకోవాలి.

తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో నేడు సూరత్ వస్త్ర పరిశ్రమలో ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలూ నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో ఇంగ్లీషు నేర్చే ఆ పిల్లలకు మరో భాష భారం కాకపోవచ్చు. వారిలో ఒక్కరు డచ్ నేర్చినా, కోరమాండల్ మగ్గాల లెక్కలను మగ్గం ఎరిగిన ఇంటివారే చదివినట్టవుతుంది.