కంచె లోపలి పైథాన్

కుందుర్పిలో మా అన్న కొడుకు ఒకడున్నాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవులకు ఇంటికొస్తే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, కాలేజీ ల్యాబ్‌లో ఉన్న మెషిన్‌లోకి ఇక్కణ్నుంచే లాగిన్ అవుతాడు. అందులో ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. మొన్న రాత్రి ఫోన్ చేశాడు.

"చిన్నాయనా, అన్నీ ఎక్కిచ్చినా. కార్డు ఉందా అని అడిగితే ఫాల్స్ అంటాంది."

"యాడ ఎక్కిచ్చినావ్ రా?"

"నా ఎన్విరాన్‌మెంట్‌లోనే."

"కింద డ్రైవర్ ఏముందో చూసినావా?"

చూడలేదు. చాలామంది చూడరు.

ముందు కార్డు సంగతి. కంప్యూటర్‌లోని ప్రాసెసర్ మంచి సేద్యగాడు. ఏ పని చెప్పినా చేస్తాడు గానీ ఒకేసారి కొన్ని సాళ్లే సాగుతాయి. యాక్సిలరేటర్ కార్డు గొర్రు లాంటిది. ఒకే రకం పనిని పక్కపక్కన ఎన్నో సాళ్లలో లాగించేస్తుంది, వేరే పని చెబితే మొరాయిస్తుంది. గ్రాఫిక్స్ కార్డులో ఆ సాళ్లు వేలల్లో ఉంటాయి, వాటిని ఫ్యాక్టరీలోనే బిగించి పంపుతారు. ఎఫ్‌పీజీఏ కార్డు వేరే జాతి. వేరుశనగకు ఒక ఎడం, జొన్నకు ఒక ఎడం అని పళ్లు ఊడదీసి మళ్లీ బిగించుకునే గొర్రన్నమాట. చిప్ లోపల ఏది దేనితో కలవాలో వాడేవాడే నిర్ణయిస్తాడు. 1985లో జైలింక్స్ తెచ్చిన ఎక్స్‌సీ2064తో ఈ జాతి చిప్‌లు బజారుకొచ్చాయి. 2018లో అదే కంపెనీ ఆల్వియో పేరుతో సర్వర్లలో గుచ్చే కార్డులు తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఏఎండీ ఆ కంపెనీని కొనేసింది. హైదరాబాదులోని జైలింక్స్ కేంద్రం కూడా ఏఎండీదైపోయింది.

ఈ కార్డుల్ని పైథాన్‌తో నడపడం అంటే పైథాన్ వెళ్లి కార్డు మీద పరిగెత్తడం అనుకుంటారు. మామూలుగా అలా జరగదు. పైథాన్ గట్టు మీద నిలబడి పని పురమాయించే ఆసామి. ఆయన మాట కార్డుకు చేరేలోపు మూడు చేతులు మారుతుంది. పైన లైబ్రరీ ఉంటుంది: గ్రాఫిక్స్ కార్డుకైతే పైటార్చ్, ఆల్వియోకైతే పింక్. (2017లో బయటికొచ్చిన పైటార్చ్‌ను తీర్చిదిద్దినవాళ్లలో ముందువరసలో ఉన్న సౌమిత్ చింతల మన హైదరాబాదు కుర్రాడే.) మధ్యలో రన్‌టైమ్: ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డులకు క్యూడా, ఆల్వియోకు ఎక్స్‌ఆర్‌టీ. అడుగున డ్రైవర్. లినక్స్ కర్నెల్‌లో కూర్చుని కార్డుతో నేరుగా మాట్లాడేది అదొక్కటే.

ఇప్పుడు ఎన్విరాన్‌మెంట్. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి వెన్వ్ అనే సదుపాయం పైథాన్‌తోపాటే వస్తోంది. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఫోల్డర్ కట్టుకుని, దానికి కావలసిన లైబ్రరీలను అందులోనే ఉంచుకోవచ్చు. సిస్టమ్ సొంత పనులకు వాడుకునే పైథాన్‌ను కెలక్కూడదు కాబట్టి, కొత్త ఉబుంటుల్లో లైబ్రరీలు ఎక్కించే పిప్‌తో అందులోకి నేరుగా ఏదైనా ఎక్కించబోతే ఒప్పుకోదు కూడా.

మా వాడికి వెన్వ్ అనే ఈ కంచె మీద నమ్మకం ఎక్కువైంది. చేనుకు కంచె వేసుకోగలం, కిందున్న నీళ్లకు వేయలేం. పక్క చేనాయన ఇంకో రెండొందల అడుగులు లోతుకు బోరు దించితే మన బోరు గాలి కొడుతుంది. కుందుర్పిలో ఇది ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. డ్రైవర్ ఆ కింది నీళ్ల లాంటిది. మెషిన్ మొత్తానికి ఒకటే. నీ వెన్వ్‌లో ఏం ఎక్కించినా అది మారదు. ఇంకెవరో దాన్ని మారిస్తే అందరి చేలమీదా ప్రభావం పడుతుంది.

అందుకే పని కింది నుంచి మొదలుపెట్టాలి. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ అనే కమాండ్ కొట్టమన్నాను. కార్డు కనపడింది, డ్రైవర్ 470, క్యూడా 11.4 అని వచ్చింది. ఇక్కడే అందరూ పడే గుంత ఒకటుంది. ఆ 11.4 మెషిన్‌లో ఎక్కించి ఉన్న క్యూడా నంబరు కాదు, ఆ డ్రైవర్ ఎంతవరకు మోయగలదో చెప్పే గుర్తు. మా వాడు ఎక్కించిన పైటార్చ్ క్యూడా 12 కోసం కట్టింది. రన్‌టైమ్ ముక్కల్ని పైటార్చ్ తనతోపాటే తెచ్చుకుంటుంది కాబట్టి క్యూడాను విడిగా ఎక్కించే పనిలేదు. కానీ డ్రైవర్‌ను మాత్రం వెంట తెచ్చుకోదు. పాత డ్రైవర్‌కు కొత్త భాష అర్థం కాలేదు, ఫాల్స్ అంది.

డ్రైవర్ మారుద్దామంటే ల్యాబ్ మెషిన్, ఆ అధికారం వాడికి లేదు. లేకపోవడమే మంచిది. మరి పైవాటినే దించాలి. 11 వరుసలో చిన్న తేడాల్ని డ్రైవర్ సర్దుకుంటుంది కాబట్టి, పాత వెన్వ్ తీసేసి, కొత్తది కట్టి, 11.8 కోసం కట్టిన పైటార్చ్ ఎక్కించాడు. ట్రూ వచ్చింది. పైథాన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త: నిన్న విడుదలైన వెర్షన్‌కు ప్యాకేజీలు ఇంకా తయారై ఉండవు, ఒక అడుగు వెనకున్నది తీసుకుంటే సుఖం.

ఆల్వియోకు వచ్చేసరికి కంచె బయటి పని ఇంకా ఎక్కువ. ఎక్స్‌ఆర్‌టీ వెన్వ్‌లో ఇమడదు, సిస్టమ్‌లోనే కూర్చుంటుంది. ముందు ఎక్స్‌బ్యూటిల్ అనే కమాండ్‌తో కార్డు ఆరోగ్యం చూసుకోవాలి. తర్వాత ఎక్స్‌ఆర్‌టీ ఇచ్చే సెటప్ స్క్రిప్టును ఆ టెర్మినల్‌లో సోర్స్ చేయాలి. అది మరిచి, పైథాన్ రాసుకునే జూపిటర్ తెరిస్తే, పింక్ ఉన్నా కార్డు కనపడదు. ఇక పళ్లు బిగించే పని, అంటే డిజైన్‌ను ఎక్స్‌క్లబిన్ ఫైలుగా మార్చడం, గంటల తరబడి సాగుతుంది. అది పైథాన్ చేసే పని కాదు. పైథాన్ ఆ ఫైలును కార్డులోకి దించుతుందంతే. ఆ ఫైలు ఏ ప్లాట్‌ఫాం కోసం కట్టారో కార్డులో అదే ఉండాలి, లేదంటే దిగదు.

గొర్రు మీది జడ్డిగంలో గింజలు పోసే చెయ్యి ఆగితే ఎన్ని పళ్లున్నా సాళ్లు ఖాళీగా పోతాయి. కార్డుకూ అంతే. పింక్‌లో అలొకేట్‌తో జాగా తీసుకుని, లెక్కల్ని కార్డుకు పంపి, పని చేయించి, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. ఈ రాకపోకలకే పొద్దుపోతే కార్డు ఉన్నా లేనట్టే. చిన్న లెక్కలకు మామూలు ప్రాసెసరే గెలుస్తుంది.

ఇంట్లోకి ఒక కార్డు కొందామా అని అడిగాడు. ఆల్వియో యూ250కి 225 వాట్లు చాలు, మన 5 హెచ్‌పీ మోటారులో సుమారు పదహారో వంతు. కానీ ఈ కార్డుల్లో చాలావాటికి సొంత ఫ్యాన్ ఉండదు, సర్వర్ గాలితోనే చల్లబడాలి. మన ఎండలకు, మన కరెంటుకు వద్దన్నాను. ల్యాబ్ కార్డే మేలు.

చివర్లో ఒకటి చెప్పాను. పిప్ ఫ్రీజ్‌తో లైబ్రరీల జాబితా తీస్తే డ్రైవర్ అందులో రాదు, అది కంచె బయటిది కదా. ఆ ఫైలు మొదటి వరుసలో హాష్ గుర్తు పెట్టి, డ్రైవర్ 470 అని చేత్తో రాసుకోమన్నాను.